మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో చేసి రిటైరైన ఆఫీసర్ల కెరీర్ ఎలా ఉంటుంది? తెలిసినవాళ్ళు చెప్పండి

డోన్ కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది డోన్ దగ్గర పల్లె. కర్నూల్లో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. పోయిన నెల మా కాలేజీకి ఒక రిటైర్డ్ కల్నల్ గారిని పిలిచారు. మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో పనిచేశారట, ఇప్పుడు కంపెనీలకు సెక్యూరిటీ సలహాలు ఇస్తారట. గంటకు పైగా మాట్లాడారు. సరిహద్దుల గురించి, సైబర్ మోసాల గురించి, పుకార్ల గురించి బోలెడు చెప్పారు గానీ సర్వీసులో తను ఏం చేశారో ఒక్క ముక్క చెప్పలేదు. మావాడొకడు లేచి అడిగితే "అది వదిలేయ్ బాబూ, ఇంకోటి అడుగు" అన్నారు.

అప్పటినుంచి నాకు అదే ధ్యాస. ఇంట్లో చెబితే అమ్మకు టెన్షన్ పట్టుకుంది. "గూఢచారి ఉద్యోగం మనకెందుకు నాయనా, బ్యాంకు పరీక్షలు రాసుకో" అంటోంది. మా మామ అయితే ఇదీ పోలీసుల ఎస్‌బీ (స్పెషల్ బ్రాంచ్) లాంటిదే, మఫ్టీలో తిరగడమే పని అంటాడు. అసలు ఇందులోకి ఎలా వెళ్తారు? రోజూ చేసే పని ఏంటి? రిటైరయ్యాక సెక్యూరిటీ ఎక్స్‌పర్ట్ అంటే ఏం చేస్తారు? నెట్‌లో వెతికితే సినిమా కథలే వస్తున్నాయి. ఆ పని చేసినవాళ్ళు గానీ, దగ్గరగా చూసినవాళ్ళు గానీ ఉంటే చెప్పండి.

బళ్ళారి చౌరస్తా:

తమ్ముడూ, నేను సైన్యంలో ఆఫీసర్ల కోసం పెట్టే సీడీఎస్ పరీక్ష రాసి, ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ దాకా వెళ్ళినవాణ్ణి. దారి వరకు చెప్పగలను. ఆర్మీలో ఇంటెలిజెన్స్ ఆఫీసర్లకని విడిగా పరీక్ష లేదు, ముందు ఆర్మీ ఆఫీసర్ కావాలి. డిగ్రీతో అయితే యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే సీడీఎస్ రాయాలి. డెహ్రాడూన్‌లోని సైనిక అకాడమీ ఐఎంఏకి మ్యాథ్స్ పేపర్ కూడా ఉంటుంది, చెన్నైలోని ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ ఓటీఏకి ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ రెండే. రాతపరీక్ష దాటితే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ. మనవైపు వాళ్ళకు దగ్గర బెంగళూరు సెంటర్. చెన్నైలో ట్రైనింగ్ 49 వారాలు. అక్కడినుంచి వచ్చేది షార్ట్ సర్వీస్ కమిషన్. 10 ఏళ్ళు, ఇంకో 4 ఏళ్ళు పొడిగించుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఉండాలంటే పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉండే కొలువు, రావాలి.

ట్రైనింగ్‌లో ఉండగానే ఏ ఆర్మ్ (సైన్యంలో ఏ విభాగం) కావాలో రాసిస్తాం. మెరిట్, ఖాళీలు చూసి ఇస్తారు. ఇంటెలిజెన్స్ కోర్‌కి సీట్లు కొన్నే. లోపలి సంగతులు నాకు తెలియవు. గుత్తికోట సార్ ఇక్కడే ఉంటారు, చూస్తే తప్పకుండా రాస్తారు.

గుత్తికోట:

నాయనా, నేను ఆ కొలువులోనే తల నెరిసినవాణ్ణి. మాది గుత్తి. ఎనభైల్లో మద్రాసులో ట్రైనింగ్ అయ్యాను. అప్పట్లో దాన్ని ఓటీఎస్ అనేవాళ్ళం, 1988 నుంచి ఓటీఏ అయింది. మొదట ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) బెటాలియన్‌లో వేశారు. అక్కడ నన్ను ఐఓగా పెట్టారు, అంటే బెటాలియన్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్. ఆ పని మీద మనసు పడి తర్వాత ఇంటెలిజెన్స్ కోర్‌కి మారాను. ఏ యూనిట్లో చేశాను, ఎక్కడెక్కడ ఉన్నాను అన్నది రాయను. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనా మమ్మల్ని వదలదు. మీ కాలేజీకి వచ్చిన ఆయన చేసిందీ అదే, ఆయన్ను తప్పుపట్టొద్దు. పని ఎలా ఉంటుందో మాత్రం నిక్షేపంగా చెప్పొచ్చు.

మీ మామ మాట సగం నిజం. మనుషుల దగ్గర కూర్చుని వినడం ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం బల్ల దగ్గర జరుగుతుంది. గోడకు పెద్ద మ్యాపు, దాని మీద పారదర్శకంగా ఉండే టాల్క్ షీటు. శత్రువు ఎర్ర పెన్సిల్, మనవాళ్ళు నీలం. రాత్రి వచ్చిన కబుర్లన్నీ పొద్దున్నే చదివి, నిలబడినవే ఆ షీటు మీదికి ఎక్కించాలి. ఎర్ర గుర్తు ఒకటి తప్పు చోట పెడితే ఆ రోజు పెట్రోలింగ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు తప్పు దారిలో వెళ్తారు. అందుకే పెన్సిల్ పట్టుకున్నప్పుడు భయం ఉండాలి. నాకు చివరిదాకా ఉండింది.

ఒక కబురు ఎలా నడుస్తుందో చెప్తా. పాలవాడొకడు వచ్చి "నిన్న రాత్రి వాగు దగ్గర కొత్త మనుషులు పది మంది పోయారు" అన్నాడనుకో. నువ్వు అడగాల్సినవి: నువ్వే చూశావా, ఎవరైనా చెప్పారా? వెన్నెల ఉందా? ఎంత దూరంలో ఉన్నావు? వంగి నడిచారా, నిటారుగా నడిచారా? వంగి నడిస్తే వీపు మీద బరువుంది. కుక్కలు అరిచాయా? పది అని లెక్కపెట్టావా, చాలామంది అనడానికి పది అన్నావా? ఇవన్నీ అయ్యాక ఇంకో ప్రశ్న ఉంటుంది, అది అతన్ని కాదు, నీ ఫైలును అడగాలి. ఇతను ఇదివరకు చెప్పినవి ఎన్ని నిజమయ్యాయి?

దీనికి మా దగ్గర ఒక కొలత ఉంది, చాలా దేశాల సైన్యాలు వాడేదే. మనిషికి ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరం, మాటకు 1 నుంచి 6 దాకా అంకె. పూర్తిగా నమ్మదగ్గ మనిషి చెప్పిన, ఇంకోచోట కూడా రూఢి అయిన మాట ఏ1. మనిషినీ తేల్చలేక, మాటనూ తేల్చలేకపోతే ఎఫ్6. బాగా గుర్తుపెట్టుకో, ఈ రెండూ విడివిడిగా వేయాలి. ఎంత మంచివాడైనా పొరపాటు పడతాడు, అబద్ధాలకోరు కూడా ఒక్కోసారి నిజం మోసుకొస్తాడు. మనిషి మీది అభిమానంతో మాటకు మార్కులు వేసే ఆఫీసర్ ఈ పనికి పనికిరాడు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని మన తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్‌లో తిరిగింది కదా, అమాయకుల్ని పట్టుకుని కొట్టారు. ఆ మెసేజ్ పంపినవాళ్ళలో ఒక్కరైనా "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా" అని అడిగి ఉంటే అక్కడే ఆగేది. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

ఇక సమాచారం ఎవరి దగ్గర దొరుకుతుందంటావా? 1965 ఆగస్టు 5న గుల్మార్గ్ వైపు కొత్త మనుషులు తిరుగుతున్నారని మనవాళ్ళకు మొదట చెప్పింది మహమ్మద్ దీన్ అనే పశువుల కాపరి. కాశ్మీర్‌లోకి రహస్యంగా మనుషుల్ని పంపే పాకిస్తాన్ పథకం, ఆపరేషన్ జిబ్రాల్టర్, బయటపడిందే అలా. 1999 మే 3న కార్గిల్ బటాలిక్ కొండల్లో తప్పిపోయిన జడలబర్రెను వెతుక్కుంటూ వెళ్ళి, బైనాక్యులర్స్‌లో చొరబాటుదారుల్ని చూసి చెప్పింది తాశీ నమ్‌గ్యాల్, గార్కోన్ ఊరి కాపరి. 2024 డిసెంబర్‌లో ఆయన పోయినప్పుడు సైన్యం నివాళి అర్పించింది. మన జిల్లాలో గొర్రెలు మేపే వాళ్ళను చూడు. ఏ గట్టు మీద నిన్న లేని అడుగుజాడ ఇవాళ ఉందో వాళ్ళకు తెలుస్తుంది. వాళ్ళతో గౌరవంగా మాట్లాడటం రానివాడికి పుణేలో ఇంటెలిజెన్స్ స్కూలు ఎంత నేర్పినా లాభం లేదు.

రెండో సగం, మన రహస్యాల్ని కాపాడటం. మా తరానికి పెద్ద పాఠం, మన శాంతిసేన శ్రీలంకలో ఉన్నప్పటి జాఫ్నా. 1987 అక్టోబర్ 11 రాత్రి అక్కడి తమిళ తిరుగుబాటు సంస్థ ఎల్టీటీఈ నాయకుల కోసం జాఫ్నా యూనివర్సిటీ దగ్గర హెలికాప్టర్లలో మనవాళ్ళను దింపారు. మన వైర్‌లెస్ మాటలు వాళ్ళు ముందే విని కాచుకుని ఉన్నారు. 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ నుంచి దిగిన 30 మందిలో 29 మంది అక్కడే పోయారు. మనం వింటున్నామంటే అవతలివాడూ వింటుంటాడు. ఈమధ్య సంగతి కావాలంటే 2019 డిసెంబర్‌లో మన ఆంధ్ర ఇంటెలిజెన్స్ పోలీసులు విశాఖ కేసులో నేవీ వాళ్ళను పట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో ఆడపిల్లల పేర్లతో పరిచయం పెంచుకుని ఓడల కదలికలు రాబట్టారన్న కేసు అది. 2020 జూలైలో సైన్యం 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమన్నది కూడా ఇలాంటి వాటి వల్లే. ఆ ఆంక్షలు సర్వీసులో ఉన్నవాళ్ళకే, కానీ ఫేస్‌బుక్ నేనిప్పటికీ వాడను.

రిటైర్మెంట్ సంగతి సాయంత్రం రాస్తాను. మనవడిని స్కూలు నుంచి తేవాలి.

ప్రొద్దుటూరు వాసి:

సార్, గౌరవంగానే అడుగుతున్నా. కార్గిల్‌లో కాపరి చెప్పేదాకా తెలియలేదంటే మరి ఇంటెలిజెన్స్ ఏం చేస్తున్నట్టు? అన్ని వందల మంది జవాన్లు పోయారు. ఎవరి ఉద్యోగమైనా పోయిందా? పిల్లలకు ఈ కొలువు గొప్పగా చెప్పేముందు ఇది కూడా చెప్పాలి.

గుత్తికోట:

చెప్పాలి, మీరు అడిగింది న్యాయం. కార్గిల్‌లో వైఫల్యం ఉంది. కె. సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన వేసిన సమీక్షా కమిటీ నివేదిక 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. చొరబాటు ప్రభుత్వానికి, సైన్యానికి, నిఘా సంస్థలకు అందరికీ ఊహించని దెబ్బ అని అందులోనే ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ వృత్తిని పొగిడితే చనిపోయినవాళ్ళకు ద్రోహం చేసినట్టే.

కానీ ఎక్కడ తెగిందో చూడండి. కబురు బొత్తిగా లేక కాదు. ఒక ముక్క ఒకరి దగ్గర, ఇంకో ముక్క ఇంకొకరి దగ్గర ఉండిపోయాయి. అన్నీ ఒకచోట పోసి చెరిగి, గింజ ఏదో పొట్టు ఏదో చెప్పే చేట లేకపోయింది. దాని తర్వాతే మూడు దళాల సమాచారాన్ని కలపడానికి 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ పెట్టారు. సాంకేతిక నిఘాకు ఎన్‌టీఆర్‌ఓ 2004లో వచ్చింది. అదే యుద్ధంలో మే నెలాఖరున బీజింగ్‌లో ఉన్న అప్పటి పాక్ సైన్యాధిపతి ముషారఫ్ రావల్పిండిలోని జనరల్ అజీజ్‌తో ఫోన్లో మాట్లాడిన మాటల్ని మనవాళ్ళే పట్టారు. జూన్ 11న వాటిని బయటపెట్టాక, చొరబాటుతో మాకు సంబంధం లేదన్న పాకిస్తాన్ మాట ఎవరూ నమ్మలేదు. ఒకే యుద్ధంలో రెండూ జరిగాయి. ఉద్యోగాలు పోవడం గురించి మీ కోపం అర్థమైంది. నా మటుకు నాకు, కబురు పైకి వెళ్ళకుండా ఎవరి బల్ల మీద ఆగిందో పేరు పెట్టి తేల్చే పద్ధతి ఉండాలనే అనిపిస్తుంది. సర్వీసులో ఉన్నప్పుడూ అదే అన్నాను.

ఇప్పుడు రిటైర్మెంట్. కల్నల్‌కి 54, బ్రిగేడియర్‌కి 56, మేజర్ జనరల్‌కి 58. పైకి వెళ్ళేకొద్దీ పోస్టులు తగ్గుతాయి కాబట్టి ఎక్కువమంది 54కే ఇంటికి వస్తారు. పిల్లలు అప్పటికి ఇంకా కాలేజీల్లో ఉంటారు. ఇంకో ఉద్యోగం వెతుక్కోక తప్పదు. రక్షణ శాఖ కింద ఉండే పునరావాస డైరెక్టరేట్ ఐఐఎంల లాంటి చోట్ల ఆరు నెలల కోర్సులు ఇప్పిస్తుంది. కొందరు కంపెనీల్లో చీఫ్ సెక్యూరిటీ ఆఫీసర్లుగా వెళ్తారు, కొందరు సొంత ఏజెన్సీ పెడతారు. ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఇంకొందరు రాస్తారు. శ్రీలంకలో మన శాంతిసేన ఇంటెలిజెన్స్ అధిపతిగా 1987 నుంచి 1990 దాకా ఉన్న కల్నల్ ఆర్. హరిహరన్ గారు రిటైరయ్యాక చెన్నై నుంచి శ్రీలంక, చైనా వ్యవహారాల మీద వ్యాసాలు రాస్తూ వచ్చారు. ఆయన రాసేవి చదివితే ఈ మనుషుల ఆలోచన ఎలా నడుస్తుందో తెలుస్తుంది. టీవీల్లో కేకలు వేసేవాళ్ళను చూసి మమ్మల్ని అంచనా వేయొద్దు.

ఓర్వకల్లు షిఫ్ట్:

సెక్యూరిటీ ఎక్స్‌పర్ట్ ఏం చేస్తాడో నేను చెప్తా, కళ్ళారా చూశా. నేను ఆర్మీలో హవల్దార్‌గా చేసి వచ్చినోణ్ణి, ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఒక సోలార్ ప్లాంటులో గార్డుల సూపర్‌వైజర్ని. గని, శకునాల వైపు వెయ్యి మెగావాట్ల పార్కు వచ్చాక ఈ ప్రాంతంలో సెక్యూరిటీ ఉద్యోగాలు బాగా పెరిగాయి. మా ప్లాంటు పేరు వద్దులెండి.

కేబుల్ పోతోందని మేనేజ్‌మెంట్ ఒక రిటైర్డ్ ఆఫీసర్‌ని పిలిపించింది. ఇంకో యాభై కెమెరాలు పెట్టమంటాడు అనుకున్నాం. ఆయన మొదటిరోజు ఆఫీసుకే రాలేదు. కంచె వెంబడి కాలినడకన తిరిగినాడు, పగలొకసారి, రాత్రొకసారి. లైట్లన్నీ లోపలికి తిప్పి ఉన్నాయని, గార్డు కళ్ళలో పడుతున్నాయని, బయట నిలబడ్డవాడికి గార్డు బాగా కనపడతాడు గానీ గార్డుకి వాడు కనపడడని చూపించినాడు. నిజంగా మేమెవరం అట్ల ఆలోచించలేదు. తర్వాత కంచె పక్కన గొర్రెలు మేపే పెద్దాయనతో కూర్చుని బీడీ ఇచ్చి చాలాసేపు మాట్లాడినాడు. ఏ ఆటో ఏ దారిన ఎప్పుడు వస్తుందో ఆ పెద్దాయనే చెప్పినాడు. మా గేటు రిజిస్టర్లో ఆ ఆటో లేనే లేదు.

ఆఖర్న స్టోరు పుస్తకం అడిగినాడు. కేబుల్ డ్రమ్ముల లెక్క, వాడిన మీటర్ల లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే దొంగతనం బయటనుంచి కాదు, స్టోరు నుంచే. రిపోర్టులో ఇంకోటి కూడా రాసినాడు: గార్డులకు 12 గంటల డ్యూటీ తీసేసి 8 గంటలు చేయండి, నిద్రపోయే మనిషికి జీతం ఇచ్చి లాభం లేదు అని. మా కుర్రాళ్ళు ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటారు. చట్టం ప్రకారం కొత్త గార్డుకి క్లాసులో వంద గంటలు, ఫీల్డులో అరవై గంటలు ట్రైనింగ్ ఇవ్వాలి. మాజీ సైనికులకైతే నలభై, పదహారు. ఎంతమంది ఇస్తున్నారు? యూనిఫాం తొడిగి గేటు దగ్గర నిలబెట్టేస్తారు. దీని గురించి గట్టిగా అడిగేది ఆయనలాంటి వాళ్ళే.

ఇంకో మాట. ఇదే ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ రేంజ్‌లో 2025 ఏప్రిల్‌లో లేజర్‌తో డ్రోన్‌ను కూల్చి చూపించారు. రేపు మా ప్లాంట్ల ఆడిట్‌లో కూడా డ్రోన్ల పేజీ ఒకటి ఉంటుంది.

డోన్ కుర్రోడు:

సార్, అన్నా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. అమ్మకు మొత్తం చదివి వినిపించా. కాపరుల సంగతి దగ్గర "మీ తాత కూడా అట్లనే చెప్పేవాడు" అంది. కానీ ఆమె భయం ఒకటే. "వాడు ఎక్కడున్నాడో కూడా నాకు చెప్పడంటే నేనెట్లా బతికేది" అంటోంది. ఇంకోటి, మా చెల్లెలు ఇంటర్ చదువుతోంది. అమ్మాయిలను ఇందులో తీసుకుంటారా అని అడగమంది.

గుత్తికోట:

అమ్మ భయానికి జవాబు మా అమ్మ దగ్గరే ఉంది. మా రోజుల్లో ఫీల్డ్ ఏరియాలో ఉన్నవాళ్ళ అడ్రసులో ఊరి పేరు ఉండదు. పేరు, నంబరు, యూనిట్, కింద 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీఓ అనో రాస్తే చాలు, ఉత్తరం చేరేది. మా అమ్మకు చదువు రాదు. పోస్ట్‌మ్యాన్ చేతే ఇన్‌లాండ్ లెటర్ రాయించేది. "నువ్వు యాడున్నా తిన్నావా లేదా అంత రాయి చాలు" అని ప్రతి ఉత్తరంలో ఉండేది. నేను కొండల్లో ఉన్నానో ఎడారిలో ఉన్నానో ఆమె ఏనాడూ అడగలేదు. నా భార్య మాత్రం పిల్లలకు జ్వరమొచ్చినా ఒంటరిగానే చూసుకుంది, ఆ కష్టాన్ని తక్కువ చేసి చెప్పను. ఇప్పుడు ఫోన్లున్నాయి, బాగున్నానన్న మాట రోజూ చెప్పుకోవచ్చు. ఎక్కడ, ఏం చేస్తున్నాను అన్నది మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మీ అమ్మ దానికి మనసారా సరే అంటేనే ఫారం నింపు. బలవంతంగా ఒప్పించొద్దు.

మీ చెల్లెలికి దారి తెరిచే ఉంది. 1992 నుంచి సైన్యంలోకి మహిళా ఆఫీసర్లు వస్తున్నారు, ఇంటెలిజెన్స్ కోర్‌లోనూ ఉన్నారు. వాళ్ళకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న తీర్పు చెప్పింది. ఇంటర్ తర్వాత చేరే సైనిక అకాడమీ ఎన్‌డీఏకి కూడా అమ్మాయిలు వెళ్తున్నారు, మొదటి బ్యాచ్‌లో 17 మంది 2025 మేలో బయటికొచ్చారు. ఇంటర్‌లో ఉందంటే ఆమె ఎన్‌డీఏ పరీక్షే చూసుకోవచ్చు.

నీ విషయానికొస్తే, ఈలోగా ఒక పని చెయ్. రోజూ పేపర్లో ఏదో ఒక వార్త తీసుకుని రెండు వాక్యాల్లోకి కుదించు. ఎవరు చూసి చెప్పారు, ఎవరు విని చెప్పారు అని పక్కన గుర్తు పెట్టు. పై ఆఫీసర్‌కి రెండు వాక్యాలు చదివే తీరికే ఉంటుంది, మూడోది చదవడు. తెలుగు, ఇంగ్లీషు, హిందీ కాక ఇంకో భాష పట్టు. మన సీమవాళ్ళకు కన్నడ, తమిళం, ఉర్దూ చెవిన పడుతూనే ఉంటాయి, అది చిన్న ఆస్తి కాదు. సర్వీసులోకి వచ్చాక చైనీస్, బర్మీస్ లాంటివి నేర్పడానికి పచ్‌మఢీలో సైన్యం సెంటరే ఉంది.

సీడీఎస్ ఓటీఏకి వయసు 25 దాటకూడదు, ఐఎంఏకి 24. నోటిఫికేషన్ తేదీలు యూపీఎస్సీ సైట్లో చూసుకో. బెంగళూరు నుంచి ఎస్‌ఎస్‌బీ కాల్ లెటర్ వస్తే ఇక్కడ రాయి. అమ్మకు ఇంకా బెరుకుగా ఉంటే ఫోన్ చేయించు, మా ఆవిడ మాట్లాడుతుంది. ఈ విషయంలో నాకంటే ఆమె మాటకే విలువెక్కువ.